మందు ధర తగ్గిస్తే కొత్త మందు ఆగిపోతుందా?



మోమిన్‌పేట్, వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఏ సంఘానికి వెళ్లినా ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదువుతారు. వాటిలో ఎక్కువ భాగం జబ్బుల గురించే ఉంటాయి. ఒక తండ్రికి గుండెలో స్టెంట్ వేయాలన్నారు. ఒక తల్లికి మోకాలు మార్చాలన్నారు. ఒక యువకుడికి టీబీ మందులు పని చేయడం లేదన్నారు. విన్నపం చీటీలో జబ్బు పేరు మాత్రమే ఉంటుంది. దాని వెనుక ఉన్న లెక్క, అంటే ఎంత అప్పు తెచ్చారు, ఏ పొలం కుదువ పెట్టారు అన్నది ఇంటికి వెళ్లి కూర్చుంటే తప్ప తెలియదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, తనకున్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, బాగుపడకపోగా మరింత క్షీణించిన స్త్రీ సంగతి మార్కు సువార్త మనకు చెబుతుంది. ఆమె సంగతి మన వీధిలో ఈ రోజుకీ పాతబడలేదు.

అందుకే ప్రభుత్వం ఏదైనా మందు ధరకు హద్దు పెట్టిందని వార్త వస్తే మనకు సంతోషం కలుగుతుంది. అయితే వెంటనే మరో మాట కూడా వినిపిస్తుంది. ధరలు ఇలా కోస్తూ పోతే కంపెనీలు కొత్త మందులు కనుగొనడం మానేస్తాయి, ఈ రోజు మిగిలిన డబ్బుకు రేపటి రోగి ప్రాణంతో మూల్యం చెల్లిస్తాడు అనేది ఆ మాట. ఇది కంపెనీల బెదిరింపేనని కొందరు, కఠినమైన నిజమని మరికొందరు అంటారు. రెండు పక్షాలలోనూ చదువుకున్నవారే ఉన్నారు. సంఘంలో మనం ఏ పక్షం మాట నమ్మాలి? మన రాష్ట్రంలో, మన జిల్లాలో జరిగిన సంగతుల వెలుగులో ఈ ప్రశ్నను విడదీసి చూడాలని ఈ వారం అనుకుంటున్నాం.

కొత్త మందు ధరలో ఏముంటుంది?

మాత్ర తయారు చేయడానికి పట్టే ఖర్చు చాలాసార్లు తక్కువే. ఆ మాత్ర పని చేస్తుందని, హాని చేయదని తెలుసుకోవడానికే అసలు ఖర్చు. ప్రయోగశాలలో ఆశ కలిగించిన వేల పదార్థాలలో ఏ ఒకటో రెండో మనుషుల మీద పరీక్షల దాకా వస్తాయి. అక్కడికి వచ్చినవాటిలోనూ ఎక్కువ భాగం విఫలమవుతాయి. గెలిచిన మందు ధరలో ఓడిపోయిన మందుల ఖర్చు కూడా కలిసి ఉంటుంది.

దీనికి హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు కొత్త అణువులను కనుగొనాలన్న పట్టుదలతో 1990లలో పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1997లో వారి మధుమేహ మందు ఒకదాన్ని డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ అభివృద్ధి హక్కుల కోసం తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ తాను కనుగొన్న అణువును విదేశీ కంపెనీకి అలా ఇవ్వడం అప్పట్లో పెద్ద వార్త. కాని ఆ పరిశోధన నుంచే వచ్చిన రాగాగ్లిటజార్ అనే మరో అణువు వల్ల జంతువులలో మూత్రకోశ కణుతులు కనిపించడంతో 2002లో దాని పరీక్షలు ఆపవలసి వచ్చింది. మొదటి అణువు కూడా చివరకు మందుల షాపు దాకా రాలేదు. ఏళ్ల శ్రమ, కోట్ల రూపాయలు ఆ దారిలోనే పోయాయి. వారు చేతకానివారు కాబట్టి ఇలా జరగలేదు. ఈ పని స్వభావమే అలాంటిది.

ఒక కొత్త మందుకు ఎంత ఖర్చవుతుందన్న లెక్కలోనూ ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విఫలమైనవాటి ఖర్చు, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపి సుమారు 260 కోట్ల డాలర్లన్నారు. 2020లో వచ్చిన మరో అధ్యయనం మధ్యస్థ అంచనాను 100 కోట్ల డాలర్ల లోపే పెట్టింది. తక్కువ అంచనాను తీసుకున్నా అది పెద్ద మొత్తమే. ఈ డబ్బును ఎవరో ఒకరు పెట్టాలి. పెట్టినవారు తిరిగి రాబట్టుకోవాలని చూస్తారు. అందుకోసం చట్టం వారికి కొన్నేళ్లు పోటీ లేని అమ్మకం ఇస్తుంది. దాన్నే పేటెంట్ అంటాం. ఈ మాటలో న్యాయం ఉందని ముందే ఒప్పుకోవాలి.

హైదరాబాద్‌ను మందుల నగరంగా చేసినది ఏది?

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూద్దాం. 1961లో సోవియట్ సహాయంతో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల సంస్థ ఏర్పడింది. దాని సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం హైదరాబాద్ బాలానగర్‌లో వెలిసింది. అంజిరెడ్డి గారితో సహా ఎందరో రసాయన శాస్త్రవేత్తలు అక్కడే పని నేర్చుకున్నారు. 1970లో రెండు పెద్ద నిర్ణయాలు వచ్చాయి. మొదటిది, మందుల ధరలకు హద్దులు పెట్టే ధరల నియంత్రణ ఉత్తర్వు. రెండోది కొత్త పేటెంట్ చట్టం. 1972లో అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం మందుకు పేటెంట్ ఉండదు, దాన్ని తయారు చేసే పద్ధతికి మాత్రమే ఉంటుంది. వేరే పద్ధతిలో అదే మందు తయారు చేయగలిగితే చట్టం అడ్డు చెప్పదు.

ఆ తలుపు గుండానే మన రసాయన శాస్త్రవేత్తలు లోపలికి వచ్చారు. తక్కువ ఖర్చుతో, తక్కువ దశల్లో మందు తయారు చేసే మార్గాలు కనిపెట్టారు. ప్రపంచంలో ఎవరికీ తెలియని అణువును వారు కనుగొనకపోవచ్చు. కాని ధనవంతుల దేశాల్లో మాత్రమే దొరికే మందును కూలి చేసుకునేవాడు కొనగలిగేలా చేయడం చిన్న ఆవిష్కరణ కాదు. ధర మీద హద్దు ఉండటం వల్లనే తయారీ ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి వచ్చింది. అంటే ధరల కట్టడి ఒక రకమైన ఆవిష్కరణను ఆపి, మరో రకమైన ఆవిష్కరణను పెంచింది.

ప్రపంచ వాణిజ్య ఒప్పందం మేరకు 2005 జనవరి 1 నుంచి మన దేశంలో మందుకే పేటెంట్ ఇవ్వడం మొదలైంది. ఆ తర్వాత ఒక పెద్ద పరీక్ష వచ్చింది. మూత్రపిండం, కాలేయ క్యాన్సర్లకు వాడే నెక్సావర్ మందు ఒక నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు ఉండేది. 2012 మార్చిలో పేటెంట్ల అధికారి హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థకు అదే మందును తయారు చేసేందుకు బలవంతపు లైసెన్స్ ఇచ్చారు. ధర నెలకు తొమ్మిది వేల లోపే ఉండాలని, అసలు కంపెనీ బేయర్‌కు అమ్మకాల మీద రాయల్టీ చెల్లించాలని షరతు పెట్టారు. మన దేశం ఇచ్చిన అలాంటి లైసెన్స్ అదొక్కటే. దాంతో ప్రపంచంలో క్యాన్సర్ పరిశోధన ఆగిపోలేదు. అయితే ఇలాంటివి ప్రతి మందుకూ ఇస్తూ పోతే ఆగదని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రభుత్వం ఆ అధికారాన్ని అరుదుగా వాడడంలో ఆ వివేకం కనిపిస్తుంది.

స్టెంట్ నేర్పిన పాఠం

మన సంఘాలవారికి బాగా దగ్గరైన ఉదాహరణ గుండె స్టెంట్. ఈ విషయంలో హైదరాబాద్‌కు పాత సంబంధమే ఉంది. 1990లలో అబ్దుల్ కలాం గారు, హృద్రోగ నిపుణులు బి. సోమరాజు గారు కలిసి తక్కువ ధరలో దేశీయ స్టెంట్ తయారు చేయించారు. కలాం-రాజు స్టెంట్‌గా అది పేరు పొందింది. క్షిపణుల కోసం నేర్చుకున్న లోహ విద్య గుండె నాళానికి పనికొచ్చింది.

అయినా మార్కెట్లో ఖరీదైన దిగుమతి స్టెంట్లదే పెద్ద వాటా అయింది. బీరేందర్ సాంగ్వాన్ అనే న్యాయవాది ఢిల్లీ హైకోర్టులో వేసిన వ్యాజ్యాల ఫలితంగా 2016 జూలైలో స్టెంట్లు అత్యవసర మందుల జాబితాలో చేరాయి. 2017 ఫిబ్రవరి 13న జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ వాటికి గరిష్ఠ ధర నిర్ణయించింది. అప్పటి వరకు మామూలు లోహపు స్టెంట్ సగటున 45 వేలు, మందు పూసిన స్టెంట్ సగటున 1 లక్షా 21 వేల రూపాయలు ఉండేవి. కొత్త హద్దు ప్రకారం మొదటిది 7,260, రెండోది 29,600 రూపాయలు అయింది. పన్నులు అదనం.

ఇంత తగ్గింపు ఎలా సాధ్యమైంది? ఆ సంస్థ బయటపెట్టిన లెక్కల్లోనే జవాబు ఉంది. కంపెనీ గేటు దాటినప్పటి ధరకూ, రోగి బిల్లులోని ధరకూ మధ్య పంపిణీదారు, ఆసుపత్రి ఉన్నారు. కొన్ని స్టెంట్ల మీద ఆసుపత్రి స్థాయిలో లాభం 654 శాతం వరకూ ఉందని తేలింది. ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. ఆ లాభం పరిశోధనకు వెళ్లడం లేదు. స్టెంట్ కనిపెట్టిన శాస్త్రవేత్తకూ వెళ్లడం లేదు. మధ్యలోని చేతుల్లోనే ఆగిపోతోంది. అలాంటి చోట ధర కోస్తే కోత పడేది ఆవిష్కరణ మీద కాదు.

కంపెనీలు మాత్రం తమ కొత్త తరం స్టెంట్లకూ పాత స్టెంట్లకూ ఒకే ధర పెడితే న్యాయం కాదన్నాయి. అబాట్ తన రెండు స్టెంట్లను మన దేశం నుంచి వెనక్కి తీసుకునేందుకు అనుమతి అడిగింది. వాటిలో ఒకటి శరీరంలో కరిగిపోయే అబ్సార్బ్. మంచి స్టెంట్లు ఇక పేదవాడికి దొరకవని అప్పుడు చాలామంది భయపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ కంపెనీయే అబ్సార్బ్ అమ్మకాన్ని ప్రపంచమంతటా ఆపేసింది. పాత రకంతో పోలిస్తే దానిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువని పరీక్షల్లో తేలింది, అమ్మకాలూ తగ్గాయి. అత్యంత కొత్తది, అత్యంత ఖరీదైనది అయినంత మాత్రాన అత్యంత మంచిది కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు.

మరోవైపు సూరత్‌లో తయారైన సుప్రాఫ్లెక్స్ స్టెంట్‌ను యూరప్ ఆసుపత్రుల్లో పేరున్న అమెరికా స్టెంట్‌తో పోల్చి చూశారు. దేశీయ స్టెంట్ దానికి తీసిపోదని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ పరీక్ష ధరల హద్దుకు ముందే మొదలైంది కనుక దాన్ని హద్దు వల్ల కలిగిన మేలుగా చెప్పుకోవడం సరికాదు. కాని తక్కువ ధరకు అమ్మేవాడు నాణ్యతలో వెనుకబడే ఉంటాడన్న వాదన నిలబడదని మాత్రం అది చూపింది.

స్టెంట్ కథలో లోపాలు కూడా ఉన్నాయి. స్టెంట్ ధర తగ్గిన చోట కొన్ని ఆసుపత్రుల్లో ఇతర చార్జీలు పెరిగాయని ఫిర్యాదులు వచ్చాయి. ఒక గొట్టం మూస్తే నీరు మరో గొట్టంలోకి పోతుంది. 2017 ఆగస్టులో మోకాలి కీళ్ల పరికరాలకూ ఇలాగే హద్దు పెట్టారు. అక్కడా పరికరం ధర బాగా తగ్గింది. కాని గది అద్దె, ఆపరేషన్ ఫీజు మీద ఆ ఉత్తర్వుకు అధికారం లేదు.

హద్దు ఎక్కడ హాని చేసింది?

ధరల హద్దు ఎప్పుడూ మేలే చేస్తుందని చెబితే మేము మీకు సగం సత్యమే చెప్పినవారమవుతాం. 2024 అక్టోబరులో ప్రభుత్వం ఎనిమిది పాత మందుల గరిష్ఠ ధరలను 50 శాతం పెంచింది. వాటిలో పెన్సిలిన్ ఇంజెక్షన్, టీబీకి వాడే స్ట్రెప్టోమైసిన్, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్, మానసిక వ్యాధికి ఇచ్చే లిథియం ఉన్నాయి. ఎందుకు పెంచారు? ముడి సరుకు ఖర్చు పెరిగి, పెట్టిన హద్దులో తయారు చేస్తే గిట్టుబాటు కాక, కంపెనీలు వాటి తయారీ మానుకునే పరిస్థితి వచ్చింది. 2019లో, 2021లో కూడా కొన్ని మందులకు ఇలాగే పెంచవలసి వచ్చింది. రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు చెడిన పిల్లలకు నెల నెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ కావాలి. దాని ధర చాలా తక్కువ. కాని షాపులో దొరకని చౌక మందు ఆ పిల్లవాడికి ఏమి ఉపయోగం?

మరో హాని కంటికి కనిపించదు. జాబితాలోని మందుకు హద్దు ఉంటుంది, జాబితాలో లేని మిశ్రమానికి ఉండదు. కాబట్టి కొన్ని కంపెనీలు ఒక పాత మందుకు మరో పాత మందు కలిపి, కొత్త పేరు పెట్టి, హద్దు బయట అమ్మాయి. వాటిలో వైద్యపరంగా అర్థం లేని 344 మిశ్రమాలను 2016లో కేంద్రం నిషేధించింది. కోర్టుల విచారణ తర్వాత 2018లో 328 మిశ్రమాల మీద మళ్లీ నిషేధం విధించింది. అంటే తెలివితేటలు జబ్బును జయించడానికి బదులు, నిబంధనను తప్పించుకోవడానికి ఖర్చయ్యాయి.

మన రైతు సోదరులకు ఇది పత్తి విత్తనంలో అనుభవమే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. అంతకు ముందు అది పదహారు వందలకు పైగా ఉండేది. రైతుకు వెంటనే మేలు కలిగింది. తర్వాత 2015లో కేంద్రం దేశమంతటికీ పత్తి విత్తనాల ధరల ఉత్తర్వు తెచ్చి, సాంకేతికతకు చెల్లించే భాగాన్ని కూడా కోసింది. 2016లో మోన్‌శాంటో తన తర్వాతి తరం పత్తి విత్తనం కోసం పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఆ విత్తనం వచ్చి ఉంటే మంచి జరిగేదా, చెడు జరిగేదా అన్నది వేరే చర్చ. ధర విషయంలో ప్రభుత్వం తీసుకునే నిర్ణయాన్ని కొత్త సాంకేతికత తెచ్చేవారు గమనిస్తారనడంలో మాత్రం అనుమానం లేదు.

ఆరోగ్యశ్రీ కూడా ఒక విధంగా ధరల హద్దే. 2007లో మొదలైన ఈ పథకంలో ఒక్కో చికిత్సకు ఆసుపత్రికి ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఇది ఎన్నో ఇళ్లను అప్పుల నుంచి కాపాడింది. అయితే ప్యాకేజీ సొమ్ము సమయానికి రాకపోతే ఏమవుతుందో 2025లో చూశాం. బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. కార్డు చేతిలో ఉండి కూడా రోగి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ధర నిర్ణయించినవాడు ఆ ధరను సకాలంలో చెల్లించడం కూడా సంస్కరణలో భాగమే.

మార్కెట్ వెతకని జబ్బులు

ఇక అసలు లోతైన విషయానికి వద్దాం. ధరలకు హద్దు లేకపోతే కొత్త మందులు వాటంతట అవే వస్తాయా? మన జిల్లాలోని అనంతగిరి గుట్టల మీద టీబీ ఆసుపత్రి ఉన్న సంగతి మనకందరికీ తెలుసు. మందులు లేని రోజుల్లో కొండగాలి, విశ్రాంతి, మంచి ఆహారమే చికిత్స అని అలాంటి చోట్ల శానటోరియంలు కట్టారు. మద్రాసులో జరిగి 1959లో ఫలితాలు వెలువడిన ప్రసిద్ధ పరిశోధన, ఇంటి దగ్గర ఉండి మందులు వాడిన పేద రోగులు కూడా శానటోరియంలోని రోగుల్లాగే కోలుకుంటారని నిరూపించింది. ప్రపంచమంతా టీబీ చికిత్సను అది మార్చేసింది. అక్కడ కొత్త మాత్ర ఏదీ రాలేదు. మందు ఇచ్చే విధానంలోనే ఆవిష్కరణ జరిగింది. దాని వెనుక ఉన్నది లాభం కాదు, ప్రజాధనం.

ఆ తర్వాత రిఫాంపిసిన్ వచ్చింది. దాని తర్వాత సుమారు 40 ఏళ్లు టీబీకి కొత్త తరగతి మందు ఒక్కటీ రాలేదు. ఆ కాలమంతా అమెరికాలో మందుల ధరలకు హద్దులు లేవు. పేటెంట్ రక్షణ గట్టిగా ఉంది. అయినా ఎందుకు రాలేదు? టీబీ రోగి పేదవాడు కనుక. లాభం చూపించే దిక్సూచి డబ్బున్న జబ్బుల వైపే తిరుగుతుంది. చివరకు 2012 డిసెంబరులో బెడాక్విలిన్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. దాని పరిశోధనలో ప్రజాధనం వాటా కంపెనీ పెట్టుబడి కంటే ఎక్కువని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

2023 మార్చిలో ఆ మందు పేటెంట్‌ను మరికొన్నేళ్లు పొడిగించాలన్న జాన్సన్ అండ్ జాన్సన్ దరఖాస్తును మన పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. దానికి అభ్యంతరం చెప్పినవారిలో టీబీ నుంచి బతికి బయటపడిన ఇద్దరు స్త్రీలున్నారు. భారతదేశానికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే. ఇద్దరూ పాత టీబీ మందుల దుష్ఫలితం వల్ల వినికిడి పోగొట్టుకున్నవారే. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ టీబీ మందుల కొనుగోలు సంస్థ ఆ చికిత్స ధర 55 శాతం తగ్గి 130 డాలర్లకు చేరిందని ప్రకటించింది. పొడిగింపు దొరకలేదని ఆ మందు మాయం కాలేదు. ఎక్కువమందికి చేరింది.

మూడో దారి ఒకటుంది

ధర పెంచితేనే ఆవిష్కరణ, తగ్గిస్తే నష్టం అన్న రెండు దారులే ఉన్నాయనుకోవడం పొరపాటు. పరిశోధన ఖర్చును ముందుగానే ప్రజాధనంతో, దాతల ధనంతో పంచుకుని, దానికి బదులుగా తక్కువ ధర ఒప్పించే దారి ఉంది. ఆ దారిలో మన హైదరాబాద్ ప్రపంచానికే మాదిరి చూపింది.

1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను దేశంలోనే తయారు చేసి, దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే అందించింది. ఆ తర్వాత రోటావైరస్ టీకా వచ్చింది. నీళ్ల విరేచనాలతో పసిపిల్లల ప్రాణాలు తీసే వైరస్ అది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, జబ్బు పడని నవజాత శిశువులలో బలహీనమైన ఒక రోటావైరస్ రకాన్ని గుర్తించింది. దాని నుంచి టీకా చేయడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ సంస్థలు, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కలిశాయి. డోసు ఒక డాలరుకు ఇస్తామని కంపెనీ ముందే మాట ఇచ్చింది. ఢిల్లీ, పుణే, వెల్లూరులలో 6,799 మంది శిశువుల మీద చివరి పరీక్ష జరిగింది. 2015 మార్చిలో టీకా విడుదలైంది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో రోటావైరస్ టీకా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వెల్లూరు పేరు మన సంఘాలకు కొత్త కాదు. ఐడా స్కడర్ అమ్మగారు ప్రారంభించిన ఆ క్రైస్తవ వైద్య కళాశాలలోనే 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకర్లు తిరిగిన చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పని చేయించారు. ఆ రోగి ఏ కంపెనీకీ కొనుగోలుదారు కాడు. అయినా అతని కోసం ఒకరు ఆలోచించారు. ఆవిష్కరణకు లాభం ఒక్కటే మూలం కాదని మన వైద్య పరిచర్య చరిత్రే సాక్ష్యం. అయితే పరిచర్యకు కూడా జీతాలు, మందులు, భవనాలు కావాలి. ఆ ఖర్చును కానుకలతో ఎవరో భరించారన్నది మరువకూడదు.

మన జిల్లాలోనే మరో ప్రయత్నం జరిగింది. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్ల ద్వారా మందులు, టీకాలు పంపే ప్రయోగాన్ని రాష్ట్ర ప్రభుత్వం, నీతి ఆయోగ్, మరికొన్ని సంస్థలు కలిసి ప్రారంభించాయి. వానకు దారి తెగిన తండాకు సమయానికి టీకా చేరడం కూడా వైద్యంలో కొత్త అడుగే.

అమెరికాలో లెక్క ఏం చెబుతోంది?

ఈ చర్చ ఇప్పుడు అమెరికాలోనూ జోరుగా ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన చట్టం ప్రకారం వృద్ధుల బీమా పథకం మెడికేర్ కొన్ని ఖరీదైన మందుల ధరలను కంపెనీలతో బేరమాడుతోంది. మొదటి పది మందులకు కొత్త ధరలు 2026 జనవరి నుంచి అమలయ్యాయి. దీనివల్ల ఎన్ని కొత్త మందులు తగ్గుతాయి? ఆ దేశ పార్లమెంటుకు లెక్కలు చెప్పే కార్యాలయం 30 ఏళ్లలో రావలసిన 1,300 మందుల్లో సుమారు 13 తగ్గవచ్చని అంది. అంటే నూటికి ఒకటి. షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త థామస్ ఫిలిప్సన్ బృందం 2039 లోపే 135 మందులు తగ్గుతాయని అంది. పది రెట్ల తేడా! కాబట్టి ఎవరైనా ఒక్క అంకె చూపించి ఇదే సత్యమని బల్ల గుద్దితే జాగ్రత్తగా వినండి.

మన హద్దులకూ ఆ దేశపు హద్దులకూ ఒక ముఖ్యమైన తేడా కూడా గమనించాలి. ప్రపంచ మందుల కంపెనీల లాభంలో పెద్ద భాగం అమెరికా నుంచే వస్తుంది. అక్కడ ధర తగ్గితే పరిశోధన మీద కొంత ప్రభావం ఉండవచ్చు. మన దేశంలో వారు సంపాదించేది అందులో కొద్ది భాగమే. మోమిన్‌పేట్ రోగి స్టెంట్‌కు లక్ష కట్టినందువల్ల బోస్టన్‌లో ప్రయోగశాల నడవదు. పైగా మన 2013 ధరల ఉత్తర్వు, దేశంలో పరిశోధన చేసి పేటెంట్ పొందిన కొత్త మందులకు ఐదేళ్లు హద్దు నుంచి మినహాయింపు ఇచ్చింది. 2019లో దాన్ని పేటెంట్ ఉన్న ఇతర కొత్త మందులకూ విస్తరించారు. అంటే ఆవిష్కరణకు చోటు ఉంచాలన్న ఆలోచన చట్టంలోనే ఉంది.

మేము చెప్పదలచినది

పై సంగతులన్నీ కలిపి చూస్తే, ధరల హద్దు మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో అడగడం సరైన ప్రశ్న కాదని మా అభిప్రాయం. నాలుగు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఈ ధరలోని డబ్బు పరిశోధనకు వెళ్తోందా, మధ్యవర్తుల చేతుల్లో ఆగుతోందా? పెట్టిన హద్దులో నాణ్యంగా తయారు చేసేవాడికి గిట్టుతుందా? ఈ మందు పరిశోధనలో ప్రజాధనం ఎంత ఉంది? ఈ జబ్బు మార్కెట్ వెతికే జబ్బా, వదిలేసే జబ్బా? స్టెంట్‌కు ఒక జవాబు, పెన్సిలిన్‌కు మరో జవాబు, టీబీకి ఇంకో జవాబు వస్తాయి.

చౌకకు కూడా ఒక వెల ఉంటుందని మన పొరుగునే ఉన్న పటాన్‌చెరు చెబుతోంది. అక్కడ మందుల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటకు వచ్చిన నీటిలో యాంటీబయాటిక్ మోతాదు విపరీతంగా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు చూపారు. తక్కువ ధర భారాన్ని చెరువు మీద, చేను మీద వేయడం న్యాయం కాదు.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంటికి తీసుకువెళ్లినప్పుడు, ఉచితంగా చూడమని ఆ ఇంటివాణ్ణి అడగలేదు. రెండు దేనారములు ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. గాయపడినవాడి దగ్గర మాత్రం ఏమీ వసూలు చేయలేదు. సేవ చేసినవాడికి న్యాయమైన కూలి దక్కాలి, ఆ భారం దెబ్బ తిన్నవాడి మీద పడకూడదు. ఆరోగ్య సంస్కరణ ఎలా ఉండాలో ఆలోచించడానికి మనకు ఇంతకంటే మంచి కొలబద్ద అక్కరలేదు.

సంఘాలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. స్టెంట్ వేయించుకునేవారు బిల్లులో స్టెంట్ ధరను, కంపెనీ పేరును, బ్యాచ్ నంబరును విడిగా చూపమని అడగండి. 2017 ఉత్తర్వు ప్రకారం అది ఆసుపత్రి బాధ్యత. మందు గరిష్ఠ ధర ఎంతో ఫార్మా సహీ దామ్ యాప్‌లో చూడవచ్చు. ఆ యాప్ వాడటం రాని పెద్దలకు మన యువజనులు సహాయం చేయాలి. ఎప్పటికీ వాడవలసిన బీపీ, షుగర్ మందులకు జన ఔషధి దుకాణంలో అదే మందు దొరుకుతుందేమో డాక్టరును అడిగి చూడండి. టీబీ మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. దాన్ని మధ్యలో మానకుండా చూసే బాధ్యతను ప్రతి సంఘం ఒకరికి అప్పగించవచ్చు. ఎవరైనా మందు దొరకక తిరుగుతుంటే, ఆ సంగతి మండల వైద్యాధికారి దృష్టికి రాతపూర్వకంగా తీసుకువెళ్లండి. కొరత ఉందని రాసి ఇచ్చేవారు లేకపోతే, పైవారి లెక్కల్లో కొరత ఉండదు.

వచ్చే ఆదివారం విన్నపాల చీటీలు చదివేటప్పుడు జబ్బు పేరుతో పాటు మందు దొరుకుతోందా, దాని ఖర్చు ఎలా గడుస్తోంది అని కూడా ఒకరు వెళ్లి కనుక్కొనండి.